పెద్దపేగులో తిత్తులు ఉన్నాయన్నారు: గింజలు మానాలా, పీచు పెంచాలా?

ప్రశ్న: దేవరకొండ వాసి

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నేను నల్లగొండలో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మకు 63 ఏళ్లు. ఆరేడు నెలలుగా ఆమెకు మలబద్ధకం, పొట్ట ఉబ్బరం ఉన్నాయి. ఎడమవైపు పొత్తికడుపులో అప్పుడప్పుడు పట్టేసినట్టు ఉంటుందని చెబుతూ వచ్చింది. రెండు నెలల కిందట విరేచనంలో కాస్త రక్తం కనిపించడంతో మొలలేమో అనుకొని హైదరాబాదుకు తీసుకెళ్లాం. అక్కడ కొలనోస్కోపీ (గొట్టం పెట్టి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి, పెద్దపేగు చివర ఉండే సిగ్మాయిడ్ భాగంలో అనేక డైవర్టిక్యులా, అంటే పేగు గోడలో చిన్న తిత్తులు ఉన్నాయని, వాపు గాని పుండు గాని గడ్డ గాని లేవని, రక్తం మాత్రం తొలిదశలో ఉన్న మొలల నుంచి వచ్చి ఉండవచ్చని రిపోర్టు రాశారు. డాక్టరు గారు హడావిడిలో ఉన్నారు. "ఇది వయసుతో వచ్చేదే, పీచు పదార్థం బాగా తినిపించండి" అని చెప్పి తరువాతి రోగిని పిలిచారు. మేము అడగవలసినవన్నీ మాతోనే ఇంటికి తిరిగి వచ్చాయి.

అసలు చిక్కు ఇంటికి వచ్చాక మొదలైంది. అమెరికాలో ఉండే మా బంధువు ఒకాయన ఫోన్ చేసి, ఈ జబ్బు ఉన్నవాళ్లు గింజ అన్నది ముట్టకూడదని, గింజ వెళ్లి ఆ తిత్తిలో ఇరుక్కుంటే అక్కడ చీము పడుతుందని చెప్పాడు. ఆ రోజు నుంచి అమ్మ జామకాయ, వంకాయ, నువ్వుల పొడి, పల్లీల చట్నీ అన్నీ మానేసింది. మొన్న సాయంత్రం నేను ఊరికి వెళ్లేసరికి వంటింట్లో పీట మీద కూర్చొని, టమాటాలను సగానికి కోసి, చెంచాతో గింజలు తోడి గిన్నెలో వేస్తోంది. పచ్చిమిరపకాయను కూడా నిలువునా చీల్చి గింజలు దులిపి కూరలో వేస్తోంది. ప్రస్తుతం ఆమె తింటున్నది తెల్లన్నం, మజ్జిగ, పలచటి పప్పు మాత్రమే. మలబద్ధకం తగ్గకపోగా మరింత పెరిగింది.

పీచు తినమని ఒకరు, పీచు ఎక్కువగా ఉండే గింజలూ కాయలూ వద్దని మరొకరు చెబితే ఏది పట్టుకోవాలో తెలియడం లేదు. ఈ తిత్తులు ఎందుకు వస్తాయి? పీచు తింటే అవి పోతాయా? ఇది ముదిరి క్యాన్సర్ అవుతుందా? అమ్మకు బీపీ, షుగర్ లేవు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో తెచ్చుకునే మాత్ర తప్ప వేరే మందులేవీ వాడదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: పాలమూరు వైద్యుడు

మీ అమ్మగారి చేతిలోని ఆ చెంచాను ముందు పక్కన పెట్టించండి. గింజలు తిత్తుల్లో ఇరుక్కొని చీము పట్టిస్తాయన్నది చాలాకాలం పాటు వైద్యులు కూడా నమ్మి, రోగులకు చెప్పిన మాటే, కాబట్టి మీ బంధువును తప్పుపట్టనక్కరలేదు. ఆ నమ్మకాన్ని పరీక్షించి చూసినప్పుడు మాత్రం అది నిలబడలేదు. అమెరికాలో 47 వేల మందికి పైగా పురుషులను 18 ఏళ్ల పాటు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పల్లీలు, బాదం వంటి గింజలు గాని మొక్కజొన్న గాని తిన్నవారిలో ఈ తిత్తుల వాపు పెరగలేదు. అంతేకాక, వారానికి రెండుసార్లకు తగ్గకుండా గింజలు తిన్నవారిలో, దాదాపుగా తిననివారితో పోలిస్తే, ఆ వాపు కొంత తక్కువగానే కనిపించింది. టమాటా, జామ, వంకాయ, నువ్వులు, మిరపకాయ, ఇవేవీ మానవలసిన అవసరం లేదు.

ఇప్పుడు తిత్తి అంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే మీ మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరుకుతుంది. పెద్దపేగు దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవైన కండర గొట్టం. దాని గోడలో లోపలి వలయ కండరాన్ని చీల్చుకొని సన్నని రక్తనాళాలు లోపలి పొరకు చేరతాయి. నాళం దూరే ప్రతిచోటా కండరం కాస్త బలహీనంగా ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, లోపలి పొర ఆ బలహీనమైన చోటు నుంచి బయటికి ఉబ్బుతుంది. సైకిల్ టైరు అరిగి చీలిన చోట ట్యూబు బుడగలా బయటికి పొడుచుకు రావడం మీరు చూసే ఉంటారు, ఇదీ అటువంటిదే. ఒక్కొక్క తిత్తి సాధారణంగా అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వరకు ఉంటుంది. మలాశయానికి ముందుండే సిగ్మాయిడ్ భాగం పెద్దపేగు మొత్తంలోకి ఇరుకైనది కావడంతో ఒత్తిడి అక్కడే ఎక్కువ, తిత్తులూ అక్కడే ఎక్కువ. జపాన్, చైనా వంటి తూర్పు దేశాలలో మాత్రం కుడివైపు తిత్తులు ఎక్కువగా కనిపిస్తాయి, అవి వాచినప్పుడు అపెండిక్స్ నొప్పి అని పొరబడటమూ జరుగుతుంది.

తిత్తులు ఉండటాన్ని డైవర్టిక్యులోసిస్ అంటారు. అవి వాచి నొప్పి, జ్వరం రావడాన్ని డైవర్టిక్యులైటిస్ అంటారు. ఈ రెండు పేర్లూ వినడానికి దగ్గరగా ఉండటంతో ఇళ్లలో చాలా భయం పుడుతోంది. మీ అమ్మగారికి ఉన్నది మొదటిది. పాశ్చాత్య దేశాలలో 60 ఏళ్లు దాటినవారిలో సగం మందికి అటూఇటూగా ఈ తిత్తులు ఉంటాయి. వారిలో అత్యధికులకు జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు, చాలామందికి అవి ఉన్నాయనే తెలియదు. ఇటీవలి లెక్కల ప్రకారం తిత్తులు ఉన్నవారిలో వాపు దాకా వెళ్లేది నూటికి ఐదుగురి కంటే తక్కువ. తిత్తులు క్యాన్సర్‌గా మారవు. కొలనోస్కోపీలో గడ్డలు లేవని రాశారు కాబట్టి ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

ఇక పీచు సంగతి. 1960ల వరకు ఈ తిత్తులు ఉన్నవారికి పీచు లేని మెత్తటి ఆహారమే పెట్టేవారు. నీల్ పెయింటర్, డెనిస్ బర్కిట్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు 1971లో దీనిని పూర్తిగా తిరగరాశారు. బర్కిట్ చాలా ఏళ్లు ఉగాండాలో శస్త్రచికిత్సకుడిగా పనిచేశాడు. ముతక తిండి తినే అక్కడి పల్లెవాసులలో ఈ తిత్తులు దాదాపుగా కనిపించకపోవడం, యంత్రపు మరలు వచ్చి గోధుమ తవుడును వేరుచేసి తెల్లపిండి అందించిన బ్రిటన్‌లో అవి ఏటేటా పెరగడం వారిని ఆలోచింపజేశాయి. పీచు తక్కువైతే మలం గట్టిపడి పరిమాణం తగ్గుతుంది, దానిని ముందుకు నెట్టడానికి పేగు గట్టిగా బిగుసుకుంటుంది, ఆ బిగింపులో గదులు గదులుగా మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతుంది అన్నది వారి వాదన.

ఆ వాదనలో ఎంత భాగం నిలిచిందో కూడా నిజాయితీగా చెప్పాలి. 2012లో అమెరికాలో కొలనోస్కోపీ చేయించుకున్న 2,104 మందిని పరిశీలిస్తే, పీచు ఎక్కువ తినేవారిలో తిత్తులు తక్కువగా ఏమీ లేవు, నిజానికి కాస్త ఎక్కువే ఉన్నాయి. కాబట్టి తిత్తులు పుట్టడానికి పీచు లోపమే కారణమని ఇప్పుడు గట్టిగా చెప్పలేం. వయసు, వంశపారంపర్యం, పేగు గోడకు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తీరు, ఇవన్నీ అందులో పాలుపంచుకుంటాయి. ఉన్న తిత్తులు ముదిరి ఆస్పత్రి దాకా తీసుకుపోవడం అన్నది వేరే విషయం, అక్కడ పీచు పక్షాన బలమైన సాక్ష్యం ఉంది. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో 47 వేల మందిని పదకొండేళ్లకు పైగా గమనించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, రోజుకు 25 గ్రాములకు పైగా పీచు తినేవారు ఈ జబ్బుతో ఆస్పత్రిలో చేరడం, 14 గ్రాముల లోపు తినేవారితో పోలిస్తే దాదాపు 40 శాతం తక్కువగా ఉంది. శాకాహారులలోనూ ఆ ముప్పు సుమారు మూడో వంతు తక్కువ.

అంటే పీచు తింటే ఉన్న తిత్తులు మూసుకుపోవు. ఒకసారి ఉబ్బిన పొర మళ్లీ లోపలికి పోదు. మలం మెత్తగా, నిండుగా తయారై సులువుగా బయటికి పోతే మలబద్ధకం, ముక్కడం, మొలలు తగ్గుతాయి. తిత్తులు వాచే అవకాశమూ తగ్గుతుంది. మీ అమ్మగారికి ఇప్పుడు కావలసినది అదే, ఆమె చేస్తున్నది మాత్రం దానికి సరిగ్గా వ్యతిరేకం.

మీరు ప్రశ్న చివర్లో తేలికగా చెప్పి వదిలేసిన మోకాళ్ల మాత్ర విషయం నన్ను తిత్తుల కంటే ఎక్కువగా కలవరపెడుతోంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, అసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు తిత్తుల నుంచి రక్తం కారే ముప్పును, తిత్తి చిల్లుపడే ముప్పును పెంచుతాయి. తిత్తి మెడ మీదుగా సాగిన రక్తనాళం చిట్లితే నొప్పి ఏమీ లేకుండానే ఒక్కసారిగా ఎర్రగా, చాలా రక్తం పోతుంది. నాలుగింట మూడు వంతుల మందిలో అది దానంతట అదే ఆగిపోయినా, 63 ఏళ్ల మనిషికి అది చిన్న ప్రమాదం కాదు. మన నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాలలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసినవారు ఏళ్ల తరబడి ఈ మాత్రలను మరమరాల్లా మింగడం నేను స్వయంగా చూశాను. మీ అమ్మగారు ఏ మాత్ర, రోజుకు ఎన్ని, ఎంతకాలంగా వేసుకుంటున్నారో కనుక్కొని తెలియజేయండి.

సమాధానం: మిర్యాలగూడ రైతు

పైన డాక్టరు గారు చెప్పినదంతా చదివాను. నా అనుభవం ఒకటి చెప్పడం అవసరమనిపించి రాస్తున్నాను, ఎందుకంటే పీచు మంచిదన్న మాటను వేళ తప్పి పట్టుకొని నేను చాలా దెబ్బతిన్నాను.

నాకు 58 ఏళ్లు. నాలుగేళ్ల కిందట వేరే కారణంగా స్కాన్ తీయిస్తే పెద్దపేగులో తిత్తులు ఉన్నాయని తెలిసింది. పీచు తినమన్నారు, తిన్నాను, బాగానే ఉన్నాను. రెండేళ్ల కిందట వరి కోతల సమయంలో ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. వేడి చేసిందనుకున్నాను. మలం సాఫీగా పోతే నొప్పి తగ్గుతుందన్న ఆలోచనతో ఆ రాత్రి ఆముదం తాగాను, మరునాడు పొద్దున పచ్చి క్యారెట్, ముల్లంగి, మొలకెత్తిన పెసలు గిన్నెడు తిన్నాను. సాయంత్రానికి నొప్పి రెట్టింపైంది, చలిజ్వరం వచ్చింది, నడిస్తే అడుగడుగుకూ కడుపులో గుచ్చినట్టయింది. దగ్గు వస్తే కడుపును రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చేది. మరునాడు సీటీ స్కాన్ తీస్తే తిత్తి వాచి, పేగు పక్కన నిమ్మకాయంత చీముగడ్డ కట్టిందని తేలింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను, సూదితో చీము తీశారు, ఆపరేషన్ దాకా పోలేదు.

అక్కడి డాక్టరు గారు చెప్పినది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పీచు అన్నది తిత్తులు ప్రశాంతంగా ఉన్నప్పుడు తినే ఆహారమని, అవి వాచినప్పుడు పేగుకు విశ్రాంతి ఇవ్వాలని ఆయన వివరించారు. మొదటి రెండు రోజులు కొబ్బరినీళ్లు, పలచటి గంజి, వడగట్టిన పప్పుకట్టు మాత్రమే ఇచ్చారు. జ్వరం, నొప్పి తగ్గాక మెత్తటి అన్నం, పెరుగు, ఆపైన వారం పది రోజులకు గాని కూరగాయలు మొదలుపెట్టనివ్వలేదు. ఏడు వారాల తరువాత, వాపు పూర్తిగా తగ్గిందని నమ్మకం కలిగాక కొలనోస్కోపీ చేశారు. వాపు ఉండగా గొట్టం పెడితే పేగుకు చిల్లుపడే ప్రమాదం ఉందని, అందుకే అన్నాళ్లు ఆగారని చెప్పారు.

ఇప్పుడు మళ్లీ జొన్నరొట్టె, ఆకుకూరలు, పల్లీలు అన్నీ తింటున్నాను. చుట్ట తాగేవాణ్ణి, మానేశాను. దేవరకొండ తమ్ముడికి నేను చెప్పేది ఒక్కటే: మీ అమ్మగారికి జ్వరంతో కూడిన కడుపునొప్పి గాని, వాంతులు గాని, కడుపు చెక్కలా గట్టిపడటం గాని, ఎక్కువగా రక్తం పోవడం గాని కనిపిస్తే, పీచు గురించి, ఆముదం గురించి ఆలోచించకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సమాధానం: ఆహారశాస్త్ర అధ్యాపకురాలు, వనపర్తి

పై ఇద్దరూ వైద్యం గురించి చెప్పారు. నేను వంటింటి గురించి రాస్తాను, ఎందుకంటే పీచు తినమన్న సలహా మన ఇళ్లలో చాలాసార్లు ఒక ఓట్స్ పొట్లం కొనడంతో మొదలై, వారం తరువాత ఆ పొట్లం అటక మీదికి చేరడంతో ముగుస్తోంది.

పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు సహజ ఆహారం నుంచి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టిక చూస్తే మన దగ్గర ఆ 25 గ్రాములు ఎంత దగ్గర్లో ఉన్నాయో తెలుస్తుంది. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపే. అదే తూకం జొన్నలలో పది గ్రాములు దాటుతుంది, సజ్జలలో, తైదలలో (రాగులలో) పదకొండు గ్రాములకు పైనే. కందిపప్పులో తొమ్మిది, పొట్టు ఉన్న పెసలలో పదిహేడు, పొట్టు ఉన్న శనగలలో పాతిక గ్రాములు. పల్లీలలో పది, జామకాయలో ఎనిమిదిన్నర. మీ అమ్మగారు మానేసిన పల్లీలూ జామకాయా ఎంత విలువైనవో గమనించండి.

ఇప్పుడు ఆమె తింటున్నదాన్ని లెక్క వేద్దాం. మూడు పూటలకూ కలిపి 300 గ్రాముల బియ్యం వండుకున్నా వచ్చే పీచు ఎనిమిది, తొమ్మిది గ్రాములు. పలచటి పప్పు ద్వారా మరో రెండు గ్రాములు. మజ్జిగలో పీచు ఉండదు. అంటే ఆమెకు సగం కూడా అందడం లేదు, మలబద్ధకం పెరగడంలో ఆశ్చర్యమేమీ లేదు. మా ఇంట్లో జొన్నరొట్టె చేసేటప్పుడు ఒకసారి ముద్దను తూకం వేసి చూశాను, ఒక్కొక్క రొట్టెకు 60 గ్రాముల పిండి పట్టింది. రాత్రిపూట అన్నం బదులు రెండు రొట్టెలు తింటే దాదాపు 12 గ్రాముల పీచు అక్కడే వచ్చేసింది. దానికి తోడు పుంటికూర పప్పో, చిక్కుడుకాయ కూరో, గుడాలుగా ఉడికించిన పెసలో ఉంటే 25 గ్రాములు చేరడం కష్టం కాదు.

మన పెద్దలు గట్క, అంబలి, సజ్జరొట్టె తిన్నారన్నది అందరూ చెబుతారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక, ఆ తరువాత బోర్ల కింద వరి పెరిగాక, పల్లెల్లో జొన్న వెనక్కి తగ్గింది. ఆ బియ్యం ఎందరో పేదల ఆకలి తీర్చింది, దానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అలాగని మన తాతలకు ఈ తిత్తులు లేవని చెప్పడానికి కూడా నేను సాహసించను, వారికి ఎవరూ కొలనోస్కోపీ చేయలేదు కదా. పళ్లెంలోకి జొన్నను తిరిగి తెచ్చుకోవడానికి అంత పెద్ద వాదన అక్కరలేదు, పీచు లెక్క ఒక్కటి చాలు.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడవద్దని మనవి చేస్తున్నాను. నెలల తరబడి తెల్లన్నం మీద ఉన్న పేగుకు ఒక్కరోజులో పాతిక గ్రాముల పీచు వేస్తే కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి, ఆమె మళ్లీ పాత తిండికే పోతుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి, పేగు లోపలి కణాలకు ఆహారమయ్యే కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. ఆ పనికి అవి అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారం పొద్దున జొన్న అంబలి ఒక గ్లాసు, రాత్రి అన్నంలో సగం తగ్గించి జొన్న గట్క పెట్టండి. మెత్తగా ఉడుకుతుంది కాబట్టి పళ్లు బాగా లేకపోయినా తినగలరు. రెండో వారం ఒక రొట్టె, మూడో వారం నుంచి శనగలు, పెసలు. జొన్నలు పట్టించేటప్పుడు పైపొట్టు తీయించవద్దు, పిండిని సన్నజల్లెడతో జల్లించవద్దు. జల్లెడలో మిగిలే ఆ గోధుమరంగు పొట్టును మనం కోళ్లకు వేస్తున్నాం, మీ అమ్మగారికి కావలసినది అదే.

బత్తాయి కాలంలో నల్లగొండ బత్తాయిని రసం తీయకుండా తొనల మీది పొరతో సహా తినిపించండి. రసం తీస్తే పీచు గిన్నెలోనే మిగిలిపోతుంది. పీచుతో పాటు నీళ్లు పెంచడం తప్పనిసరి, నీళ్లు చాలకపోతే పీచు మలాన్ని మరింత గట్టిపరుస్తుంది. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

ప్రశ్న కొనసాగింపు: దేవరకొండ వాసి

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న ఆదివారం ఊరికి వెళ్లి ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. గింజల వల్ల ప్రమాదం లేదని విన్నాక ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్లి, డబ్బాలో దాచిపెట్టిన పల్లీలు తీసి పెనం మీద వేయించింది. జొన్నలు కడిగి ఎండబెట్టింది, రేపు గిర్నీకి పంపిస్తాను.

మాత్ర వివరాలు కనుక్కున్నాను. అది డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. రోజుకు రెండు చొప్పున మూడేళ్లుగా వేసుకుంటోంది. పొలం పని ఉన్న రోజున మూడు. ఇన్ని వేసుకుంటోందని మాకెవరికీ తెలియదు. ఆ మాత్ర వెంటనే ఆపేయాలా? నొప్పికి మరి ఏం చేయాలి? ఇసబ్‌గోల్ వాడవచ్చా, కొలనోస్కోపీ మళ్లీ ఎప్పుడు చేయించాలి అన్నవి కూడా చెప్పగలరు.

సమాధానం: పాలమూరు వైద్యుడు

మిర్యాలగూడ రైతు గారు రాసినదానిని మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. నేను మొదట్లోనే చెప్పి ఉండవలసిన మాట అది. వాపు వచ్చినప్పుడు పీచు ఆపాలన్నది ఎంత చెప్పినా తక్కువే. స్వల్పమైన వాపు ఉన్నవారందరికీ యాంటీబయాటిక్స్ అవసరం లేదని ఐరోపాలో జరిగిన పరీక్షలు చూపించాయి గాని, అది స్వల్పమా కాదా అన్నది పరీక్షించి వైద్యులు తేల్చవలసినది, ఇంట్లో అంచనా వేసేది కాదు.

ఇసబ్‌గోల్ వాడవచ్చు. ఒక చెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి చిక్కబడక ముందే తాగించండి, వెంటనే మరో గ్లాసు నీళ్లు ఇవ్వండి. పొడిగా నోట్లో వేసుకోనివ్వవద్దు, గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. పడుకునే ముందు వద్దు. ఇతర మందులకూ దీనికీ రెండు గంటల తేడా ఉండాలి. అంబలి, రొట్టె బాగా అలవాటయ్యాక దీని అవసరం తగ్గిపోవచ్చు.

తిత్తులు ఉన్నాయన్న ఒక్క కారణంతో కొలనోస్కోపీ మళ్లీ మళ్లీ చేయించనక్కరలేదు. అయితే రక్తం మళ్లీ కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత బయటపడినా మొలలే కదా అని సరిపెట్టుకోవద్దు.

మాత్ర విషయం. మూడేళ్లుగా రోజుకు రెండు, మూడు డైక్లోఫెనాక్ అంటే తిత్తుల సంగతి అలా ఉంచి కడుపులో పుండు, మూత్రపిండాల దెబ్బ, బీపీ గురించి కూడా ఆలోచించాలి. ఈ రకం మాత్రలను క్రమంగా తగ్గించవలసిన పని లేదు, ఆపివేయవచ్చు. కాకపోతే ఆమె నొప్పితో కూలబడితే రెండు రోజుల్లో మళ్లీ అదే షాపుకు మనిషిని పంపిస్తారు. అందుకని ఆపే రోజునే ప్రత్యామ్నాయం చేతిలో ఉండాలి. మామూలు పారాసిటమాల్ ఎంత మోతాదులో వేసుకోవాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. ఇప్పుడు వాడుతున్న మాత్రలోనూ అది ఉంది కాబట్టి రెండూ కలిపి వేసుకోకూడదు. మోకాలి మీద పూసే మందు, తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, అవసరమైతే ఫిజియోథెరపీ చాలామందికి మాత్ర కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

ఈ వారంలోనే నల్లగొండలో ఒక జనరల్ ఫిజీషియన్‌కు చూపించి, రక్తంలో హిమోగ్లోబిన్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి, బీపీ చూపించండి. ఇంతకాలం బీపీ లేదని అన్నారు, కానీ చివరిసారి ఎప్పుడు చూపించారో అమ్మగారిని అడగండి. వెళ్లేటప్పుడు కొలనోస్కోపీ రిపోర్టుతో పాటు ఆ మాత్రల అట్టను కూడా తీసుకెళ్లండి, పేరు నోటితో చెప్పవద్దు, అట్టనే చూపించండి.